సాలీడును కాపాడుడు – పైరును కాపాడుకొనుడు

శ్రీకాళహస్తి కథ వినని పిల్లలు పలమనేరు, పుంగనూరు, కుప్పం, మదనపల్లె ప్రాంతములలో అరుదు. శ్రీ యనగా సాలీడు, కాళమనగా పాము, హస్తి యనగా ఏనుగు. స్వామి పేరిట మొదటి స్థానము సాలీడుదే. ఆ కథ విన్న పిల్లవాడు పశువుల కొట్టములో సాలెగూటి ముందు గంటసేపు కూర్చుండి చూచును. ఈ వ్రాయువానికి ఆ ముచ్చట నేటికిని పోలేదు. కాని పెద్దవారమైన పిదప మనలో పలువురము చీపురుతో గూడు దులుపుటయే నేర్చితిమి. పొలములో మందుతో అదే పని చేయుచున్నాము. ఇందువలన నష్టపడువాడు రైతే.

సాలీడు పైరును తినదు

పురుగులకు కాళ్లు 6, సాలీడుకు 8. దానికి రెక్కలుండవు. ఆకును కొరకదు, రసమును పీల్చదు. బ్రతికియున్న పురుగులే దాని ఆహారము. అన్ని సాలీళ్లును నీరుగట్టువారిపల్లె నేతగాండ్రవలె నేయుచు కూర్చుండవు. కొన్ని వల పన్నును, కొన్ని వల లేకయే వేటాడును.

వరి మడిలో

దుబ్బును ప్రక్కకు వంచి మొదలు చూడుడు. నీటిమీద చురుకుగా పరుగెత్తునది తోడేలు సాలీడు. సుడిదోమ కాపురము కూడ అక్కడనే గదా! ఎదిగిన తోడేలు సాలీడు దినమునకు 5 నుండి 15 పురుగులను తినును. తల్లి గ్రుడ్ల సంచిని పొట్ట చివర మోయును, పిల్లలు వెలువడిన పిదప వానిని వీపుపై నెక్కించుకొని తిరుగును. కాళ్లపై ముండ్లు గల మరియొక సాలీడు ఆకులపై దుముకుచు, కాండము తొలుచు పురుగుయొక్క రెక్కల పురుగులను పట్టును. గ్రుడ్లు పెట్టకముందే తల్లి చచ్చినచో ఆ సంతతియే ఉండదు.

కృత్రిమ పైరిత్రాయిడ్ మందులు వరిపై చల్లినచో సాలీళ్లు చచ్చును. కాపలా లేని మడిలో దోమ మునుపటికంటె ఎక్కువగా పెరుగును. ఇండొనీషియా దేశమున ఇట్లే దోమపోటు ప్రబలగా, 1986లో అచటి ప్రభుత్వము వరిపై 57 రకముల మందులను నిషేధించినది.

టమాటలో పొరపడరాదు

టమాట ఆకుల అడుగున సన్నని దారములు, ఆకుపై తెల్లని చుక్కలు కనిపించినచో అది ఎర్రనల్లి పని. నల్లికిని 8 కాళ్లే, అది సాలీడుకు దూరపు చుట్టము. కాని అది రసము పీల్చును. నల్లికి తగిన మందు వేరు. దానిని చూచి సాలీడును నిందింపరాదు.

చేయవలసిన పనులు

1. మందు కొనుటకు ముందు పొలములో పలుచోట్ల దుబ్బులు చూచి, దోమలను, సాలీళ్లు మొదలగు మిత్రజీవులను లెక్కింపుడు. రెండు పురుగులకు ఒక మిత్రజీవి చొప్పున ఉన్నచో సాధారణముగా మందు అవసరముండదని హైదరాబాదులోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థవారి పద్ధతి.

2. గట్లపై వరిగడ్డి కట్టలు ఉంచుడు. సాలీళ్లు వానిలో తలదాచుకొనును.

3. వరి నాటునపుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడువుడు. గాలి, వెలుతురు సోకి దోమ తగ్గును, దుబ్బులు చూచుటకును వీలగును.

4. మందు తప్పనిసరియైనచో గ్రామ వ్యవసాయ సహాయకుని అడిగి, సాలీళ్లకు తక్కువ హాని చేయు దానిని వాడుడు.

చర్మముపై పొక్కులు లేచినంతనే సాలీడు పారినదనుట మన వాడుక. అది వేరొక వ్యాధి కావచ్చును గనుక వైద్యునికి చూపుడు.

గ్రామాధికారులు ఈ సంగతులను రైతుల సమావేశములలో తెలుపవలెను. సెలవు దినమున పిల్లలను మడికి తోడ్కొని పోయి సాలీళ్లను లెక్కింపించుడు, వారి కండ్లు మనకంటె చురుకైనవి. మందు చల్లిన మడిలోనికి మాత్రము వారిని పోనీయరాదు. సాలీడును చూచి సంతోషించు పిల్లవానిని కసరకుడు. రేపు మందు డబ్బా పట్టుటకు ముందు దుబ్బు వంచి చూచు రైతు అతడే.