పసుపుకు తేనెటీగ అక్కర్లేదు, మరి గుమ్మడికి?



గత ఏడాది ఏడో తరగతిలో పరాగ సంపర్కం పాఠం అయిపోయాక ఒక బాబు లేచి అడిగాడు: "మేడమ్, మా బాపు పసుపు వేస్తడు. మా చేనుకు తేనెటీగలు ఎందుకు?" పాలినేషన్ డెఫినిషన్ ఇంగ్లిష్‌లో తప్పు లేకుండా అప్పజెప్పే పిల్లవాడే. నాకు వెంటనే జవాబు రాలేదు. రేపు చెప్తానన్నాను. ఇంటికి వెళ్లి చదువుకుంటే, వాడు అడిగినదాంట్లో నిజం ఉంది.

పసుపు పూస్తుంది కానీ గింజ కట్టదు. దాని కణాల్లో క్రోమోజోములు ఒక్కో రకం మూడేసి చొప్పున ఉంటాయి, రెండుగా సమంగా విడిపోవు. అందుకే మనం విత్తన కొమ్ములు, మండలు దాచిపెట్టుకుని మళ్లీ జూన్‌లో పెడతాం. పసుపులో వేసే మక్కకు గాలి చాలు. వరికీ, జొన్నకూ తేనెటీగ పని లేదు. అంటే ఆర్మూర్ చుట్టుపక్కల పెద్ద పంటలు చాలావరకు తేనెటీగ లేకుండానే పండుతాయి. ఈ మాట దాచిపెట్టి "తేనెటీగ లేకపోతే తిండే లేదు" అని పోస్టర్ రాయించడం నాకు ఇష్టం లేదు. పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు పట్టేస్తారు.

మరుసటి రోజు వాణ్ణి ఇంకో ప్రశ్న అడిగాను. "నిన్న మీ ఇంట్లో కూర ఏంటి?" బీరకాయ అన్నాడు. పాఠం అక్కడి నుంచి మళ్లీ మొదలైంది.

బీర, కాకర, సొర, దోస, గుమ్మడి, ఈ తీగల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. గుమ్మడి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలి మోయలేదు. పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. ఆ కొద్ది గంటల్లో ఏదో ఒక ఈగ మగపువ్వు మీద వాలి ఆడపువ్వు మీదికి రావాలి. రాకపోతే కాయ లేదు.

ఇది ఇంట్లోనే చూపించవచ్చు. గుమ్మడి తీగలో రేపు విచ్చుకోబోయే ఆడమొగ్గలు రెండు వెతకండి. ఆడమొగ్గ కింద చిన్న పిందె ఉంటుంది, మగమొగ్గకు సన్నని కాడే ఉంటుంది. సాయంత్రం ఒక మొగ్గకు పలుచని గుడ్డ సంచి కట్టండి, రెండోది వదిలేయండి. పువ్వు ముడుచుకున్నాక సంచి తీసేయండి. కట్టిన పిందె కొన్ని రోజుల్లో పసుపురంగుకు తిరిగి రాలిపోతుంది. వదిలేసినది కూడా రాలిపోతే, మీ పెరట్లోకి తేనెటీగలు సరిగా రావడం లేదేమో చూడాలి. అప్పుడు మగపువ్వు కోసి, రేకులు తీసేసి, పొద్దున్నే ఆడపువ్వు మధ్యలో అద్దండి. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఈ పని తెలిసే ఉంటుంది, ముందు వాళ్లను అడగమనండి.

తంగేడు సంగతి ఇంకా బాగుంటుంది. 2014లో మన రాష్ట్ర పుష్పంగా ప్రకటించిన తంగేడులో మకరందం ఉండదు. పుప్పొడి కూడా బయట కనిపించదు, కేసరాల కొనల్లో ఉన్న చిన్న రంధ్రాల లోపల దాగి ఉంటుంది. నల్ల తుమ్మెద వచ్చి పువ్వును గట్టిగా పట్టుకుని ఒళ్లంతా ఝుమ్మని అదిలిస్తే, ఉప్పుడబ్బా నుంచి ఉప్పు రాలినట్టు పుప్పొడి రాలుతుంది. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు. వంకాయ, టమాట పువ్వుల నిర్మాణం కూడా ఇలాంటిదే. గెట్టు మీద తంగేడు ఉంటే దాని కోసం వచ్చే తుమ్మెద పక్కనున్న వంకాయ మడిని కూడా చూసిపోతుంది. గెట్టు శుభ్రం చేశామని మొత్తం కాల్చేస్తే ఆ తుమ్మెదకు అక్కడ పని ఉండదు.

బతుకమ్మకు మనం పేర్చే తంగేడు, గునుగు, గుమ్మడి పువ్వులన్నీ ఈగలకు, సీతాకోకచిలుకలకు ఆహారమే. (బంతి మన నేల మొక్క కాదు, మెక్సికో వైపు నుంచి వచ్చింది. అయినా బంతి లేని బతుకమ్మను నేను ఊహించలేను. దాన్ని వదిలేద్దాం.) గునుగు గురించి ఒక తండ్రి నవ్వుతూ అన్నారు: "మేం కూలీలను పెట్టి పీకించేదాన్ని మీరు స్కూల్లో పెంచుతారా మేడమ్?" నిజమే, చేన్లో అది కలుపు. పీకాల్సిందే. గెట్టు మీద ఒక గజం జాగా వదిలితే చాలు.

ఇక మా తోట కథ. గత జులైలో స్కూలు గోడ పక్కన తంగేడు, తులసి, కరివేపాకు, నిమ్మ, గునుగు పెట్టాం. ఫోటోలు బాగా వచ్చాయి. వేసవి సెలవుల తర్వాత వచ్చి చూస్తే రెండు తంగేళ్లు, ఒక కరివేపాకు మిగిలాయి. కరివేపాకు కూడా వాచ్‌మన్ అన్న చేతులు కడుక్కున్న నీళ్లతో బతికింది. తప్పు నాదే. మొక్కలు నాటే రోజు రాసుకున్నాను కానీ, ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు ఎవరు పోస్తారో రాసుకోలేదు. 2018 పంచాయతీరాజ్ చట్టంలో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని ఎందుకు రాశారో ఇప్పుడు అర్థమైంది. ఆ లెక్కన మా తరగతి ఫెయిల్.

అందుకే ఈసారి మొక్కల కంటే ముందు మనుషులను అడుగుతున్నాను. వారానికి రెండు కుటుంబాలు, ఒక గంట. నీళ్లు పోయడం, వయ్యారిభామ మొక్క పూతకు రాకముందే పీకడం (చేతులకు గ్లవ్స్ వేసుకుని), ఏ పువ్వు మీద ఏది వాలిందో నోట్‌బుక్‌లో రాయడం. నానమ్మలు, తాతలు వస్తే మరీ మంచిది. పిల్లలకు ఇంగ్లిష్ పేర్లు నేను చెప్పగలను, గెట్టు మీది మొక్కల పేర్లు వాళ్లే చెప్పాలి.

కుడతాయేమోనని కొందరు తల్లులు అడిగారు. పువ్వు మీద మేత కోసం వచ్చిన తేనెటీగ, చేత్తో నొక్కితే తప్ప మామూలుగా కుట్టదు. భయపడాల్సింది పెద్ద కొండ తేనెపట్టు గురించి. భవనం మీద అలాంటిది కనిపిస్తే రాయి విసరవద్దు, పొగ పెట్టవద్దు, మాకు చెప్పండి, తెలిసినవాళ్లను పిలిపిస్తాం. మీ పాపకో బాబుకో గతంలో కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి ఇబ్బంది వచ్చి ఉంటే క్లాస్ టీచర్‌కు ముందే రాసి ఇవ్వండి. ఆ పిల్లలు తరగతిలో కూర్చునే నోట్‌బుక్ చూసుకుంటారు.

రైతు కుటుంబాలకు ఒక మనవి: పూత మీద ఉన్న కూరగాయలకు మందు కొట్టక తప్పదంటే పొద్దుగూకిన తర్వాత కొట్టండి.

తంగేడు గింజల పైపొర గట్టిది, ఊరికే చల్లితే ఎక్కువ మొలవవు. గరుకు రాయి మీద కొద్దిగా రుద్ది, రాత్రంతా నీళ్లలో నానబెట్టి పంపించండి. పాత వెదురు ముక్కలు కూడా పారేయకండి. ఎండిన వెదురు బొంగుల్లో తుమ్మెదలు గూళ్లు పెడతాయి. కట్ట కట్టి గోడకు వేలాడదీద్దాం. పేర్లు ఈ శనివారంలోగా డైరీలో రాసి పంపితే వచ్చే వేసవి వరకు వారాల పట్టిక తయారు చేస్తాను. ఏప్రిల్, మే వారాలనే ముందు నింపుతాను.