ఆముదం పుట్టిల్లు

చెల్లీ, మొన్న పెళ్లిలో 'పీచ్ పండు సెంటక్కా' అంటూ మణికట్టు నా ముక్కు దగ్గర పెట్టి మురిసిపోయావు చూడు, ఆ వాసన పండులోంచి వచ్చి ఉండదే. దాని పుట్టిల్లు ఆముదం! ఆముదం తాగిన మొహం పెట్టకుండా విను.

సెంట్లు చేసేవాళ్లు దాన్ని 'ఆల్డిహైడ్ సి-14' అంటారు. పేరంతా బోగస్. అది ఆల్డిహైడూ కాదు, అందులో 14 కార్బన్లూ లేవు, ఉన్నవి 11. అసలు పేరు గామా అన్‌డెకాలాక్టోన్. రష్యా రసాయనవేత్తలు 1908లో తయారుచేశారు. పక్కవాడికి గుట్టు దొరకకూడదనే ఆ దొంగపేరు పెట్టారంటారు. 1919లో పారిస్‌లో జాక్ గెర్లాన్ 'మిత్సుకో' సెంటులో వాడాక దాని దశ తిరిగింది.

ఆముదం సంగతి కదా, అక్కడికే వస్తున్నా. ఆముదాన్ని ముందు మిథనాల్‌తో కలిపి మార్చి, 500 డిగ్రీల దాకా కాగబెడతారు. పొడవాటి అణువు పుటుక్కున రెండు ముక్కలవుతుంది. 11 కార్బన్ల ముక్కను ఆమ్లంతో కలిపితే, అది తనను తానే చుట్టుకుని ఉంగరమవుతుంది. అదీ నీ పీచ్! మిగిలిన ఏడు కార్బన్ల ముక్కను కూడా పారెయ్యరు. బెంజాల్డిహైడ్‌తో కలిపితే మల్లెజాతి వాసన వేసే ఇంకో సరుకు తయారు. పాలమూరు, నల్గొండ మెట్టచేలల్లో పండే ఆముదానికి ఇన్ని విద్యలున్నాయని అమ్మమ్మకి తెలిస్తే, ఆదివారం తలంట్లకి ఇంకో గిన్నెడు ఎక్కువే పట్టించేది. నువ్వు అసలే బావి వెనక దాక్కునేదానివి.

ఒకసారి సెంట్ల కొట్లో ఆ సీసా మూత తీసి నేరుగా ముక్కుకి ఆనించాను. పండూ లేదు, పాడూ లేదు. ఎండుకొబ్బరి చిప్ప మక్కితే వచ్చే జిడ్డు వాసన. కొట్టతను నవ్వి, ఒక్క చుక్కని బోలెడు స్పిరిట్‌లో కలిపి, కాగితం పట్టీ ముంచి ఇచ్చాడు. విసురుతూ చూశాను. అప్పుడొచ్చింది, పండు తొక్కమీద నూగుతో సహా! పలచన చేస్తే గానీ నోరు విప్పదన్నమాట.

పైగా మహా మొండిది, ఓ పట్టాన వదలదు. మొన్న చలేస్తోందని నా శాలువా కప్పుకున్నావు గుర్తుందా? ఇప్పటిదాకా దాన్ని ఉతకలేదు.