పైసా తప్పని పాల లెక్క

సభ్యులు పోసిన పాల కొలత, వెన్న శాతం, రావలసిన సొమ్ము ఇప్పుడు చాలా సంఘాలలో కంప్యూటర్‌లో నమోదవుతున్నాయి. ఈ వివరాలు భద్రపరచే చోటును డేటాబేస్ అంటారు. అందులో దశాంశాలను ఏ విధంగా దాచుతున్నారో సభ్యులు తెలుసుకోవడం అవసరమని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

కంప్యూటర్ లెక్క పాత అణాల లెక్క వంటిది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు రాకముందు రూపాయికి 16 అణాలు. రూపాయిలో సగం అర్ధరూపాయి, అందులో సగం పావలా, ఆపైన బేడ, అణా, అర్ధణా, కానీ. అన్నీ సగాలే. ఈ నాణేలతో రూపాయిలో పదోవంతు సరిగ్గా ఇవ్వలేము. అణాన్నర ఇస్తే తక్కువ, దానికి ఒక కానీ కలిపితే ఎక్కువ.

కంప్యూటర్ కూడా సగాలతోనే లెక్క కడుతుంది. అందుచేత 'ఫ్లోట్' అనే రకంలో 0.10 దాచితే, దానికి అతి దగ్గరి అంకె మాత్రమే నిలుస్తుంది. దానిని పదిసార్లు వరుసగా కూడితే 1 రాదు, 0.9999999999999999 వస్తుంది. పైసల తరువాతి అంకెలను కొట్టివేసే ప్రోగ్రాం అయితే రూపాయికి బదులు 99 పైసలే చూపుతుంది. 200 మంది సభ్యులున్న సంఘంలో రెండు పూటలా ఒక్కొక్కరికి పైసా చొప్పున తగ్గితే ఏడాదికి 1,460 రూపాయలు!

దీనికి నివారణ సులభమే.

1. సొమ్ము, లీటర్లు, రేటు, వెన్న శాతం 'డెసిమల్' అనే రకంలో దాచాలి. ఇందులో అంకెలు మనం కాగితం మీద రాసినట్లే ఉంటాయి.

2. ఎస్‌క్యూలైట్ వంటి డేటాబేస్‌లో డెసిమల్ అని పేరు పెట్టినా దశాంశాలు ఫ్లోట్‌గానే నిలుస్తాయి. అటువంటప్పుడు సొమ్మును పైసలలోనే దాచాలి. 153 రూపాయలను 15300 అని రాయాలి.

3. లీటరు 41.35 రూపాయల చొప్పున 3.7 లీటర్లకు 152.995 రూపాయలు అవుతుంది. ఆ అరపైసాను పైకి వేయాలో, వదిలివేయాలో సంఘం ముందుగా తీర్మానించుకోవాలి. ఈ సవరణ పూటకు ఒక్కసారే జరగాలి. పాస్ పుస్తకంలో పడిన మొత్తాలనే బిల్లులో కూడాలి.

ఈసారి బిల్లు అందినప్పుడు పాస్ పుస్తకంలోని పూటల మొత్తాలను చేత్తో కూడి చూడండి. పైసా తేడా కనిపించినా కార్యదర్శి గారిని అడగండి. కొత్త ప్రోగ్రాం కొనే ముందు పై మూడు విషయాలూ సంఘ సమావేశంలో ప్రస్తావించవలసిందిగా సభ్యులందరినీ కోరుతున్నాము.