మహాయుగ సావనదినసంఖ్య – చతుర్భాజ్యత, పాఠశోధన

సూర్యసిద్ధాంత మధ్యమాధికారమున మహాయుగమునందలి సావనదినముల సంఖ్య 1,57,79,17,828 అని భూతసంఖ్యలతో చెప్పబడినది. సౌరవర్షములు 43,20,000. వర్షసంఖ్య చివర నాలుగు సున్నలుండగా దినసంఖ్య 828తో ముగియుటచే, ఇది ఏ నియమమునకును లోబడని సంఖ్యయని తోచును. విభాజకములను పరిశీలించినచో అట్లు కాదని తేలును.

దినసంఖ్యను 4చే భాగింపగా 39,44,79,457 లభించును. ఇది బేసిసంఖ్య, చివర 5 గాని సున్న గాని లేదు, అంకెల మొత్తము 52 కావున 3చే భాగింపబడదు. 43,20,000కు 2, 3, 5 తప్ప వేరు ప్రధాన విభాజకములు లేవు. కావున ఈ రెంటికిని గరిష్ఠమైన అపవర్తనము 4 మాత్రమే. కుట్టక పరిభాషలో దృఢసంఖ్యలు 10,80,000 వర్షములు, 39,44,79,457 దినములు.

ఆర్యభటీయము ననుసరించి దినసంఖ్య 1,57,79,17,500. అచట అపవర్తనము 7,500. దృఢసంఖ్యలు 576 వర్షములు, 2,10,389 దినములు. సూర్యసిద్ధాంతమున 328 దినములు అధికము. వర్షమునకు ఈ భేదము సుమారు ఆరున్నర సెకండ్లే యైనను, చక్రము 576 వర్షముల నుండి 10,80,000 వర్షములకు పెరిగినది. అయినను 328 కూడ 4చే భాజ్యమే. ఆ గుణము చెడలేదు.

ఈ గుణమునకు ప్రయోజన మేమి? సృష్ట్యాది నుండి గత కృతయుగాంతము వరకు 1,95,37,20,000 వర్షములని ఆ గ్రంథమే చెప్పుచున్నది. అది 452 మహాయుగములు, మరియొక పాదము. పాత మందోచ్చములు తప్ప మధ్యమగ్రహములన్నియు అప్పుడు మేషాదిని కలియునని గ్రంథకారుని వచనము. అది పొసగవలెనన్న భగణములన్నియు 4చే భాజ్యములు కావలెను. చంద్రునకు 5,77,53,336, కుజునకు 22,96,832, గురునకు 3,64,220, శనికి 1,46,568. బుధశుక్రుల శీఘ్రభగణములును అట్టివే. దినసంఖ్యయు 4చే భాజ్యమగుటచే ఆ కలయిక సరిగా లంకార్ధరాత్రమున సంభవించును.

తాళపత్రప్రతుల పరిష్కర్తల కిది ఉపకరించు పరీక్ష. ఏకస్థానమున ‘వసు’ శబ్దమునకు బదులు ‘ఋతు’ శబ్ద మున్నదనుకొందము. సంఖ్య 826తో ముగియును. 26 నాలుగుచే భాగింపబడదు గనుక దోషము బయటపడును. ‘వేద’ యని యున్నచో 824 అగును. ఈ పరీక్షకు అది దొరకదు. అప్పుడు రెండవ పరీక్ష అవసరము. సావనదినములకు సౌరవర్షములు కూడగా నక్షత్రోదయసంఖ్య రావలెను. గ్రంథమున అది 1,58,22,37,828 అని వేరుగా పఠింపబడినది. 824 పాఠము ఇచట నిలువదు.

కావున భూతసంఖ్యాపాఠములను ఛందస్సు, వ్యాకరణములతో మాత్రమే నిర్ణయించుట చాలదు. ‘వసు’, ‘ఋతు’ శబ్దములు రెండేసి లఘువులు, ‘వేద’ శబ్దము గురులఘువులు; వీనిని సందర్భానుసారము చూడవలెను. అర్థమున మూడును సంఖ్యావాచకములే. వానిలో ఏది గ్రంథకారునిదో తేల్చునది గణితమే. సిద్ధాంతగ్రంథ పరిష్కరణమునకు పూనుకొను విద్యార్థికి అపవర్తనము, కుట్టకము ముందుగా నేర్పుట యుక్తము.