పూలమడిలో వేటగాడు

ఉద్దేశం: మన చుట్టూ జీవించే చిన్న ప్రాణులను ఓపికతో పరిశీలించే దృష్టిని, తెలియని దానిని చూచి భయపడక తెలుసుకోవాలనే జిజ్ఞాసను విద్యార్థులలో పెంపొందించడం.

ఉదయంవేళ పెరటిలోని బంతిమడి దగ్గర కాసేపు నిశ్చలంగా కూర్చొని చూడండి. ఆకుపై వేలిగోరు కంటె చిన్నదైన ఒక ప్రాణి కదులుతుంది, ఆగుతుంది, ఒళ్లంతా తిప్పి మనవైపే చూస్తుంది. మనం చేయి కదిపితే చేతివైపు తిరుగుతుంది. అంతలోనే ఒక్క గెంతుతో పక్క ఆకును చేరుతుంది. అదే గెంతే సాలీడు.

సాలీడు అనగానే మనకు సాలెగూడు గుర్తుకు వస్తుంది. కాని గెంతే సాలీళ్లు సాధారణంగా గూడు అల్లి ఎరను పట్టవు. పులి వలె పొంచి ఉండి, మెల్లగా సమీపించి, ఎరపై లంఘిస్తాయి. శాస్త్రజ్ఞులు వీటిని ‘సాల్టిసిడే’ కుటుంబంలో చేర్చారు. ఆరువేలకు పైగా జాతులున్న ఈ కుటుంబం సాలీళ్ల కుటుంబాలన్నింటిలోను పెద్దది.

ఈ వేటకు చూపే ఆధారం. గెంతే సాలీడుకు ఎనిమిది కళ్లుంటాయి. ముందువైపున్న రెండు పెద్దకళ్లు దుర్భిణి వలె ఎరను స్పష్టంగా చూపుతాయి. ఆ కళ్లు పైకి కదలవు. లోపలి నేత్రపటలమే కదులుతుంది. తక్కిన ఆరు కళ్లు ప్రక్కలను, వెనుకను జరిగే కదలికలను పసిగట్టడానికి తోడ్పడతాయి.

దాని గెంతు కూడ విచిత్రమైనదే. మిడత వలె బలిసిన తొడలు దీనికి లేవు. శరీరంలోని ద్రవపీడనాన్ని ఒక్కసారిగా పెంచి, వెనుక కాళ్లను చాచి ఎగురుతుంది. ఎగిరే ముందు ఒక పట్టుదారాన్ని ఆకుకు అతికిస్తుంది. గురి తప్పినా ఆ దారమే దానికి ఆధారం. ఆకు మడతలలో పట్టుతో చిన్న గది కట్టుకొని విశ్రమిస్తుంది.

మన దేశంలో కనిపించే ఇటువంటి సాలీళ్లలో ‘టెలమోనియా డిమిడియేటా’ ఒకటి. ఆడసాలీడు సుమారు ఒక సెంటీమీటరు పొడవుంటుంది. దాని లేతపసుపు ఉదరంపై రెండు ఎర్రని చారలుంటాయి. 2002లో ఈ చిన్నప్రాణిపై ఒక అపనింద పడింది. ఇది అమెరికాలోని ఫ్లోరిడాలో మరుగుదొడ్లలో దాగి, మనుషులను కాటువేసి చంపుతున్నదని ఈ-మెయిళ్ల ద్వారా ఒక వదంతి వ్యాపించింది. అది పూర్తిగా కల్పితం. టెలమోనియా ఆసియా ఖండపు ప్రాణి. ఆకుల నడుమ పగటివెలుగులో వేటాడుతుంది. దాని వల్ల మనిషికి ప్రాణభయం లేదు.

అపనింద కంటె పెద్ద ముప్పు మన చేతిలోని పురుగుమందు. గెంతే సాలీడు ఈగలను, దోమలను, ఆకుల రసం పీల్చే పురుగులను తింటుంది. ఒక్కొక్కప్పుడు తేనెటీగనూ పట్టవచ్చు. దానికి రైతుమిత్రులు, శత్రువులు అనే భేదం తెలియదు. అయినా మడిలో పురుగులు మితిమీరకుండా కాపాడే ప్రాణులలో అదీ ఒకటి. మందు చల్లినప్పుడు పురుగులతో పాటు సాలీళ్లూ నశిస్తాయి. మిగిలిన పురుగులు త్వరగా పెరుగుతాయి. సాలీళ్ల సంఖ్య అంత త్వరగా కోలుకోదు. అప్పుడు మళ్లీ మందు చల్లవలసి వస్తుంది.

ఈ వలయం నుండి బయటపడవచ్చునని నిరూపించిన గ్రామం పునుకుల. నాటి ఖమ్మం జిల్లాలో, నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్న ఈ గ్రామ రైతులు 2003 నాటికి పత్తిసాగులో రసాయనిక పురుగుమందులను విడిచిపెట్టారు. వేపగింజల కషాయం వంటి పద్ధతులను అవలంబించారు.

కనుక మీ కళాశాల తోటలో మందు చల్లే ముందు ఒక ఉదయం మడి దగ్గర కూర్చోండి. ఆకులను మెల్లగా తిరగేసి చూడండి. ఎన్ని పురుగులున్నాయో, ఎన్ని సాలీళ్లున్నాయో లెక్కించి వ్రాసుకోండి. ఆ తరువాతనే మందు అవసరమో కాదో నిర్ణయించండి.

అర్థాలు
జిజ్ఞాస = తెలుసుకోవాలనే కోరిక
లంఘించు = దూకు
నేత్రపటలం = కంటి లోపల వెలుగును గ్రహించే పొర
వదంతి = ఆధారం లేని మాట

ప్రశ్నలు
1. గెంతే సాలీడు వేటాడే విధానాన్ని వివరించండి.
2. టెలమోనియాపై పడిన అపనింద ఎట్టిది? అది ఎందుకు నమ్మదగినది కాదు?
3. పురుగుమందును మళ్లీ మళ్లీ చల్లవలసి రావడానికి కారణమేమి?