సునీల్‌కు, సువార్త నిధి గురించి

ఒంగోలు

చిరంజీవి సునీల్‌కు,



నీ ఉత్తరం అందింది. సంఘ కార్యదర్శిగా నీకిది మొదటి బడ్జెట్టు. మందిరం పైకప్పు కారుతోంది కాబట్టి ఒడిశా కొండల్లో ఉన్న మిషనరీ కుటుంబానికి సువార్త నిధి నుంచి పంపే డబ్బు ఆపేద్దామని కొందరు పెద్దలు అంటున్నారని రాశావు. ఇన్నేళ్ళలో అక్కడ బాప్తిస్మం పొందినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే కదా అంటున్నారట. వాళ్ళకేం జవాబు చెప్పమంటావని అడిగావు.

ఈ మాటే ఒకప్పుడు మన గురించి అన్నారురా. అమెరికా బాప్టిస్టుల తరఫున శామ్యూల్ డే 1836లో తెలుగునాట అడుగుపెట్టి, 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్ళు గడిచినా సంఘంలో చేరినవాళ్ళు బహు కొద్దిమంది. ఆ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో మళ్ళీ మళ్ళీ చర్చ జరిగింది. 1853లో అక్కడి ఆల్బనీలో జరిగిన మిషన్ సభలో ఒక వక్త పటంలోని నెల్లూరును చూపించి ఒంటరి నక్షత్రమన్నాడు. ఆ సభకు వచ్చిన శామ్యూల్ స్మిత్ ఆ రాత్రే దాని మీద గేయం రాశాడు. మిషన్ నిలిచింది. మరుసటి జనవరి 1న నెల్లూరు మిషనరీలు జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు మా ఊరి కొండెక్కి ప్రార్థించారు. 1866లో మిషనరీ జాన్ క్లౌ ఒంగోలుకు కాపురం వచ్చాడు. యెర్రగుంట్ల పేరయ్య లాంటి మనవాళ్ళు మాదిగపల్లెలన్నీ తిరిగి సువార్త చెప్పారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 1853లో లెక్కలు చూసి చేతులు దులుపుకొని ఉంటే మన ఇంట బైబిలు ఎవరు తెచ్చేవారు?

అయితే ఆ 2,222 అనే అంకెను సమావేశంలో ఊపి చూపించకు. దాని ముందున్న సంగతి చెప్పు. అంతకుముందు వచ్చిన కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని కల్పించాడు. సహాయం అందుతున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం వచ్చారన్న మాట ఎవరికీ రాకూడదని ఆయన పట్టుదల. మీరు పంపే డబ్బుకూ ఇదే నియమం ఉండాలి. అక్కడ బడి నడిచినా, మందులు ఇచ్చినా, అవి అందరికీ అందాలి. దానికి బదులుగా ఎవరి విశ్వాసాన్నీ అడగకూడదు.

పుచ్చుకున్న సంఘం పంపే సంఘం కావాలి. మన పెద్దలు అది తొందరగానే గ్రహించారు. 1903లో తెలుగు బాప్టిస్టులు తమ సొంత కానుకలతో జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపారు. చెరకు, తేయాకు తోటల్లో ఒప్పందం మీద పనిచేస్తున్న తెలుగు కూలీల మధ్య ఆయన సంఘాలు కట్టాడు. పంపినవాళ్ళేమీ ధనవంతులు కారు. మిజోరంలోనూ చూడు, 1910 నుంచీ ఆడవాళ్ళు వంటకు ముందు గుప్పెడు బియ్యం పక్కన పెడుతున్నారు. ఆ బియ్యం అమ్మిన సొమ్ముతో అక్కడి సంఘాలు మిషనరీలను పోషిస్తున్నాయి.

ఇక పని సంగతి. ఆ కుటుంబానికి సాయం ఎంత, ఎప్పటిదాకా అన్నది రాతపూర్వకంగా తీర్మానించండి. నెలనెలా తేదీ తప్పకుండా పంపండి. పిల్లల చదువు, వైద్యం, ముసలితనం, ఈ మూడింటికీ విడిగా ఏర్పాటు చేయండి. వాళ్ళనుంచి బాప్తిస్మాల పట్టిక అడగొద్దు, ఉత్తరం అడగండి. అక్కడి భాష ఎంతవరకు వచ్చింది, ఇరుగుపొరుగు ఎలా ఉన్నారు, ఎవరి ఇంట పెళ్ళికి పిలిచారు, ఇవి అడగండి. 1910లో ఎడిన్‌బరో మిషనరీ సభలో, తర్వాత దోర్నకల్ బిషప్పు అయిన మన అజరయ్య పాశ్చాత్య మిషనరీల త్యాగాన్ని మెచ్చుకుంటూనే, మాకు స్నేహితులు కావాలని నిలదీసి అడిగాడు. ఆ మాట ఇప్పుడు పంపేవాళ్ళమైన మనకే వర్తిస్తుంది.

పైకప్పు కూడా బాగుచేయాల్సిందే. దానికి విడిగా ప్రత్యేక కానుక పట్టండి. మొదటి కవరు నేను పంపుతున్నాను. సువార్త నిధిని మాత్రం తాకనివ్వకు. పెద్దలతో గొడవపడకు, వినయంగా, గట్టిగా చెప్పు. సమావేశానికి ముందు ఒడిశాలోని ఆ మిషనరీ తమ్ముడికి ఫోన్ చేసి, వాళ్ళ ఇంట్లో ఈ నెల ఎలా గడుస్తోందో కనుక్కో. ఆ సంగతులు చేతిలో పెట్టుకుని మాట్లాడు.

నీ పెదనాన్న