ఊరికే వచ్చేదానికి వెల ఎవరు కడుతున్నారు?

మొన్న తొమ్మిదో తరగతిలో విద్యుత్తు పాఠం చెబుతున్నాను. "మీటరు తిరిగిన కొద్దీ యూనిట్లు పెరుగుతాయి, యూనిట్లు పెరిగిన కొద్దీ బిల్లు పెరుగుతుంది" అన్నాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, మరి యూట్యూబులో ఎన్ని వీడియోలు చూసినా బిల్లు రాదేం? అక్కడ పనిచేసేవాళ్లకు జీతాలెవరిస్తారు?" అని అడిగింది. తరగతిలో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. చాలామంది పెద్దలకు కూడా తోచని ప్రశ్న అది.

"నెలనెలా రీచార్జి చేయిస్తున్నాం కదా!" అని మీరనవచ్చు. ఆ డబ్బు మీ ఫోనుకు సంకేతాలు అందించే టెలిఫోను కంపెనీకి చేరుతుంది. వీడియో చూపించినవారికి, స్నేహితుల ఫొటోలు చూపించినవారికి అందులో మీరేమీ కట్టడం లేదు. మరి వారు ఊరికే ఎందుకిస్తున్నారు? రండి, లెక్క వేసి చూద్దాం.

కిరాణా కొట్టు బోర్డు

మీ ఊళ్లో బస్సులు ఆగే చోట ఉన్న చిన్న కొట్టు బోర్డును ఈసారి జాగ్రత్తగా చూడండి. కొట్టు పేరు ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఏ కూల్‌డ్రింకు పేరో, ఏ సబ్బు పేరో బారెడు అక్షరాల్లో ఉంటుంది. అలాంటి బోర్డులను చాలాసార్లు కంపెనీలే ఊరికే రాయించి ఇస్తాయి. కొట్టు యజమానికి బోర్డు ఖర్చు తప్పింది. కంపెనీకి దక్కిందేమిటి? ఆ దారిన పోయే మీ చూపు!

ఈ వ్యాపారం కొత్తది కాదు. 1833లో న్యూయార్కులో బెంజమిన్ డే అనే ముద్రాపకుడు 'ది సన్' అనే దినపత్రిక ప్రారంభించాడు. మిగతా పత్రికలు ఆరు సెంట్లకు అమ్ముతుంటే, తన పత్రికకు ఒక్క సెంటే వెల పెట్టాడు. చౌక కాబట్టి చదివేవారు పెరిగారు. చదివేవారు పెరిగారు కాబట్టి ప్రకటనలిచ్చేవారూ పెరిగారు. ఆయన నిజానికి రెండు సరుకులు అమ్మాడన్నమాట. పాఠకులకు పత్రికను అమ్మాడు. ప్రకటనదారులకు పాఠకుల చూపును అమ్మాడు. ఇంటర్నెట్టు కంపెనీలు మొదటి సరుకు వెలను సున్నా చేశాయి. రెండో సరుకుతోనే బతుకుతున్నాయి.

ముందు జనం చేరాలి

ఒక చిన్న లెక్క. మీ తరగతిలో 40 మంది ఉన్నారనుకోండి. ప్రతి ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోగలిగితే ఎన్ని జతలు ఏర్పడతాయి? ఒక్కొక్కరికి మిగిలిన 39 మందితో జత. 40ని 39తో గుణించి, ప్రతి జతనూ రెండుసార్లు లెక్కించాం కాబట్టి రెండుతో భాగిస్తే 780. ఇప్పుడు మరో 40 మంది చేరారు. 80ని 79తో గుణించి సగం చేస్తే 3,160! మనుషులు రెండింతలయ్యారు, జతలు నాలుగింతలు దాటాయి.

ఒక్కడికే టెలిఫోను ఉంటే అది అలంకారానికి తప్ప దేనికీ పనికిరాదు. ఊరంతా ఉంటే అది లేనివాడికి గడవదు. స్నేహితులను కలిపే సేవలన్నీ ఇంతే. అందుకే అవి మొదట లాభం మాట ఎత్తవు, జనాన్ని చేర్చుకుంటాయి. 2014లో ఫేస్‌బుక్ కంపెనీ వాట్సాప్‌ను సుమారు 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. అప్పటికి వాట్సాప్‌లో పనిచేసేవారు సుమారు 55 మంది మాత్రమే. వాడేవారు 45 కోట్ల మంది. ఆ వెల భవనాలకో యంత్రాలకో కట్టినది కాదు. ఆ 45 కోట్ల మందికీ, వారి మధ్య ఉన్న జతలకూ కట్టినది. నచ్చకపోయినా ఒక సేవను వదలలేకపోవడానికి కారణం కూడా ఇదే. స్నేహితులందరూ అక్కడే ఉన్నారు కదా!

మీ కళ్ల ముందు జరిగే వేలం పాట

చేపల చెరువును వేలం వేయడం మీరెరుగుదురు. మీరు ఇంటర్నెట్టులో ఏదైనా వెతికినప్పుడు కూడా వేలం జరుగుతుంది, రెప్పపాటు కాలంలో. వెతికినవారికి చూపించే జాబితాలో చోటును వేలం వేసే పద్ధతిని 1998లో అమెరికాలో బిల్ గ్రాస్ స్థాపించిన 'గోటూ' అనే కంపెనీ మొదలుపెట్టింది. 2002లో గూగుల్ దానికి ఒక కొత్త మెలిక పెట్టింది. ఆ మెలిక అర్థమైతే సగం పాఠం అర్థమైనట్టే.

మీరు 'సైకిలు' అని వెతికారనుకుందాం. అక్కడ ప్రకటనకు ఒకే చోటు ఉంది. సైకిళ్ల కంపెనీ, "మా ప్రకటనను నొక్కినప్పుడల్లా 10 రూపాయలు ఇస్తాం" అంది. సైకిలు బాగుచేసుకోవడం నేర్పే పుస్తకం అమ్మే కొట్టు, "4 రూపాయలు ఇస్తాం" అంది. చోటు ఎవరికి దక్కుతుంది? పదికే అనుకుంటున్నారా? తొందరపడకండి. నూరుసార్లు చూపిస్తే మొదటి ప్రకటనను ఒక్కరే నొక్కుతారనీ, రెండోదాన్ని అయిదుగురు నొక్కుతారనీ అనుకుందాం. మొదటిదానితో వచ్చేది 10 రూపాయలు. రెండోదానితో వచ్చేది అయిదు నాలుగుల 20 రూపాయలు. కాబట్టి చోటు పుస్తకాల కొట్టుకే!

మరో విశేషం. గెలిచినవాడు తాను పాడిన నాలుగు రూపాయలూ కట్టనక్కరలేదు. పక్కవాడిని దాటడానికి సరిపడేంత కడితే చాలు. అంటే నూరుసార్లకు 10 రూపాయలకంటే ఒక్క పిసరు ఎక్కువ. దాన్ని అయిదుగురికి పంచితే నొక్కినవారికి రెండు రూపాయల చొప్పున పడుతుంది.

ఇందులో కీలకం ఎక్కడుందో గమనించారా? ఎవరు ఎంత పాడారన్నది ఒక అంకె. మీరు నొక్కుతారా, నొక్కరా అన్నది రెండో అంకె. రెండో అంకెను సరిగా ఊహించగలిగిన కంపెనీకి ఆదాయం పెరుగుతుంది. ఊహించాలంటే మీ గురించి తెలియాలి. మీరేం వెతికారు, ఏ వీడియో దగ్గర ఎన్ని సెకన్లు ఆగారు, దేన్ని దాటేశారు, ఏ ఊళ్లో ఉన్నారు? ఇవన్నీ వారు రాసిపెట్టుకోవడానికి కారణం ఇదే. మీ వివరాలను ఎవరికీ అమ్మకపోయినా, ఆ వివరాలతో వేసిన అంచనా వారికి డబ్బు తెస్తుంది.

మనిషికి రోజుకు పదకొండు సెంట్లు

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ మెటా అనే కంపెనీవి. 2023లో దాని మొత్తం రాబడి సుమారు 13,490 కోట్ల డాలర్లు. అందులో ప్రకటనల వల్ల వచ్చింది 13,190 కోట్లు. అంటే నూటికి దాదాపు 98! ఆ ఏడాది చివరికి ఈ సేవలలో కనీసం ఒకదాన్ని రోజూ వాడేవారు సుమారు 319 కోట్ల మంది. భాగించి చూడండి. మనిషికి ఏడాదికి 41 డాలర్లు, రోజుకు సుమారు 11 సెంట్లు వస్తుంది. ఆనాటి మారకం ప్రకారం తొమ్మిది రూపాయల పైచిలుకు.

ఇది ప్రపంచ సగటు. అందరి చూపుకూ ఒకే ధర పలకదు. 2023 చివరి మూడు నెలల్లో ఫేస్‌బుక్‌కు అమెరికా, కెనడాలలో ఒక్కొక్కరి వల్ల 68 డాలర్లు వస్తే, మనం ఉన్న ఆసియా పసిఫిక్ ప్రాంతంలో అయిదున్నర డాలర్లే వచ్చాయి. ఎక్కువ ఖర్చు పెట్టగలిగిన వారి కంటి ముందు చోటుకు వేలంలో ఎక్కువ పాడతారు మరి.

అయిదు నిమిషాలు గంట ఎలా అయింది?

ఇప్పుడు సూత్రం రాసుకుందాం:

రాబడి = చూసే మనుషులు × చూసిన సమయం × గంటకు చూపే ప్రకటనలు × ఒక్కో ప్రకటన ధర

భూమి మీద మనుషుల సంఖ్యకు ఒక హద్దుంది. మరీ ఎక్కువ ప్రకటనలు గుప్పిస్తే జనం విసుగెత్తి లేచిపోతారు. ఇక పెంచడానికి అనువైనది సమయం. అంటే మీరు ఇంకాస్త సేపు కూర్చోవాలి.

పుస్తకంలో అధ్యాయం ముగుస్తుంది, అక్కడ లేస్తాం. ఒకప్పుడు వెబ్ పేజీలకూ అడుగు ఉండేది, 'తరువాతి పేజీ' అని నొక్కవలసి వచ్చేది. 2006లో ఆజా రాస్కిన్ అనే అమెరికన్ రూపకర్త, వేలితో నెడుతున్న కొద్దీ పేజీ అంతులేకుండా సాగే ఏర్పాటు చేశాడు. అది ఇంత పని చేస్తుందని అనుకోలేదని తరువాత ఆయనే బాహాటంగా విచారం వెలిబుచ్చాడు.

మరో సంగతి మనస్తత్వ శాస్త్రానిది. బి. ఎఫ్. స్కిన్నర్ అనే శాస్త్రజ్ఞుడు పావురాలతో ప్రయోగాలు చేశాడు. ముక్కుతో మీట నొక్కితే గింజలు పడే పెట్టె అది. ఎన్నిసార్లు పొడిస్తే గింజ పడుతుందో తెలియకుండా, ఒకసారి వెంటనే, ఒకసారి చాలాసేపటికి పడేలా చేస్తే పావురం వదలకుండా పొడుస్తూనే ఉంటుంది. గింజలు రావడం మానేశాక కూడా చాలాసేపు పొడుస్తుంది. పది వీడియోలు చప్పగా ఉండి, పదకొండోది భలేగా ఉంటే మీ వేలు ఏం చేస్తుందో ఆలోచించండి.

బడి వదిలాక ఆ అమ్మాయి నా దగ్గరకు వచ్చి, "లెక్కలు మొదలుపెట్టే ముందు అయిదు నిమిషాలే అనుకుంటాను మాస్టారూ, గంటన్నర అవుతుంది. నేను సోమరినని అమ్మ తిడుతోంది. నాకూ అలాగే అనిపిస్తోంది" అంది. "నీలో లోపం ఉందని ముందే తీర్మానించుకోకు. ఆ గంటన్నర కోసం అవతల వేలమంది ఇంజనీర్లు పనిచేస్తున్నారు. సంగతి తెలిసింది కాబట్టి, ఇక మీటరు నువ్వు చూసుకో" అన్నాను.

వేరే దారులు లేవా?

ఉన్నాయి. వాట్సాప్ ఒకప్పుడు ఏడాదికి ఒక డాలరు చందా పద్ధతి పెట్టుకుంది, 2016లో ఎత్తివేశారు. 2001లో పుట్టిన వికీపీడియా ప్రకటనలు లేకుండా, చదివేవారిచ్చే విరాళాలతో నడుస్తోంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో వ్యాసాలు రాసేది జీతం తీసుకోని మనలాంటివారే. అక్కడ మీరు రెండు నిమిషాలున్నా రెండు గంటలున్నా వారి రాబడి మారదు. కాబట్టి మిమ్మల్ని కూర్చోబెట్టే అవసరం వారికి లేదు.

అలాగని ప్రకటనల పద్ధతి పాపమేమీ కాదు. డబ్బు కట్టలేని విద్యార్థికి కూడా మంచి పాఠాలు అందుతున్నాయంటే దాని చలవే. వెల ఏమిటో తెలిసి కట్టాలి, అంతే. పైగా మీరింకా పిల్లలు. 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని వెంబడించి గమనించడాన్నీ, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపడాన్నీ నిషేధించింది.

చేసి చూడండి

నోటుపుస్తకంలో నాలుగు గడులు గీయండి. ఫోను పట్టుకునే ముందు మొదటి గడిలో 'ఎంతసేపు అనుకున్నాను' అని నిమిషాలు రాయండి. లేచాక రెండో గడిలో నిజంగా అయిన నిమిషాలు, మూడో గడిలో కనిపించిన ప్రకటనలు, నాలుగో గడిలో 'దేనికోసం తీశాను, అది దొరికిందా?' అన్నది రాయండి. ఏడు రోజులు రాసి మొదటి రెండు గడులనూ వేర్వేరుగా కూడండి. రెండో మొత్తంలోంచి మొదటిదాన్ని తీసివేస్తే వచ్చేదే మీ వారం బిల్లు!

ప్రశ్నలు

1. ఒక బడిలో 500 మంది విద్యార్థులున్నారు. ఎన్ని జతలు ఏర్పడతాయి?

2. మన వేలంలో సైకిళ్ల కంపెనీ ప్రకటనను నూటికి ముగ్గురు నొక్కితే చోటు ఎవరికి దక్కుతుంది? వారు ఒక్కో నొక్కుకు ఎంత కట్టాలి?

3. వీడియోలు చూపే సేవ ప్రకటనలు మానేసి నెలకు ఇంత అని చందా తీసుకుంటే, పేజీకి మళ్లీ 'అడుగు' పెట్టడం దానికి నష్టమా? కారణం రాయండి.